నూనె రాసిన ఫిల్టరు

కారు ఇంజనుకు ఎయిర్ ఫిల్టరు మార్చడం పెద్ద పనేం కాదు. బానెట్ ఎత్తి, నల్లటి ప్లాస్టిక్ డబ్బాకున్న నాలుగు క్లిప్పులు ఊడదీసి, పాతది తీసి కొత్తది పెట్టి, మూత బిగిస్తే సరి. పొయ్యి మీది టీ కాగేలోపు అయిపోతుంది. అంత చిన్న పని దగ్గర నేను మా బాపును ఇంట్లోంచి వెళ్ళగొట్టినంత పని చేశాను. ఇది జరిగి రెండేళ్ళయింది. ఇప్పటికీ ఆ డబ్బా మూత తెరిస్తే నాకు ముందు కనబడేది ఫిల్టరు కాదు, ఆనాడు రోడ్డు మీద నిలబడి ఉన్న బాపు మొహం.

నేను ఉండేది కోరుట్లలో. రాయికల్ దగ్గర ఒక ఊరి బడిలో లెక్కలు చెప్తాను. పోనూ రానూ నా పాత కారే దిక్కు. ఆ దారి దుమ్ముకు పుట్టినిల్లు. కోతలప్పుడు హార్వెస్టర్లు, రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు, ముందు ఒక ఇసుక టిప్పరు, వెనక ఇంకో టిప్పరు. ఆ ఏడు వానాకాలం పంట కోతలు అయ్యేసరికి కారు ఎంత తొక్కినా ముందుకు కదలనంటూ మొండికేసింది. జగిత్యాలలో మెకానిక్‌కు చూపిస్తే ఫిల్టరు తీసి నా మొహం ముందు పెట్టాడు. "దీంట్ల సగం మీ మండలమే ఉన్నది మేడం" అన్నాడు. ఆ వేళకు ఆయన దగ్గర కొత్తది లేదు. స్పేర్ పార్ట్స్ దుకాణంలో కొనుక్కొని ఇంటి దగ్గర నేనే వేసుకోవచ్చని, నాలుగు క్లిప్పులే కదా అని చెప్పాడు.

ఆ రోజుల్లో బాపు మా ఇంట్లోనే ఉన్నాడు. సిరిసిల్లలో ముప్పై ఐదేళ్ళు సాంచాలు నడిపిన మనిషి. సాంచె అంటే మరమగ్గం. కాగితాల్లో మరమగ్గం అని రాస్తారు గానీ సిరిసిల్లలో ఎవరి నోటా ఆ మాట రాదు. ఆసామి, అంటే సాంచాల యజమాని, షెడ్డులో ఒక్కడే ఎనిమిది సాంచాలు చూసుకునేవాడు. సాయంత్రం ఇంటికొస్తే తల మీద, కనుబొమల మీద, చెవుల్లో అంతా దూది నూగు. చిన్నప్పుడు బాపు వెంట్రుకలు తెల్లవే అనుకునేదాన్ని. స్నానం చేసి బయటికి వస్తే నల్లగా అయ్యేవి. అదేదో మా బాపు ఒక్కడికే వచ్చిన విద్య అని బడిలో గొప్పలు చెప్పుకున్నాను కూడా.

అమ్మ పోయాక ఒక్కడే వండుకొని తింటూ ఉండేవాడు. ఆ చలికాలం దగ్గు పట్టుకుంది. ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడితే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునేవాడు. నేను పోయి, బలవంతంగా కారెక్కించి తీసుకొచ్చాను. రెండు రోజులు ఉంటానన్నాడు. నేను రెండు నెలలు ఉంచుకున్నాను.

ఉన్నాడు గానీ కుదురుగా లేడు. మా వాళ్ళలో ఆ వయసు తండ్రులకు ఒక పట్టింపు ఉంది. పెళ్ళి చేసి పంపిన బిడ్డ ఇంట్లో చుట్టంలా ఒకటి రెండు పూటలు తినొచ్చు. తిష్ట వేసి తింటే మాత్రం తల కొట్టేసినట్టు అవుతుంది వాళ్ళకు. బాపు మా ఇంటిని ఏనాడూ ఇల్లు అనలేదు. ఎవరైనా ఫోన్ చేస్తే "అల్లునింట్ల ఉన్న" అనేవాడు, అదీ గొంతు తగ్గించి. అన్నం తిన్న కంచం నా చేతికి ఇచ్చేవాడు కాదు, తనే కడిగి బోర్లించేవాడు. రెండోసారి కూర వేయబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది. నేను సంపాదించుకుంటున్నాను, ఆయన బిడ్డను, ఇంకెవరి ఇంట్లో తింటాడు?

తిన్న తిండికి బదులుగా ఆయన దొరకబుచ్చుకున్న పని నూనె పెట్టడం. సాంచాల మనిషికి తెల్లారి లేస్తే మొదటి పని అదే. గుడ్డ పెట్టి సాంచె తుడిచి, తిరిగే ప్రతి చోటా చుక్క నూనె వేసి, ఇనుమును తాకి కళ్ళకద్దుకొని, అప్పుడు గానీ మీట వేయడు. నా కుట్టుమిషన్ నూనె డబ్బా ఆయన చేతికి చిక్కింది. మొదట కుట్టుమిషన్‌కే పెట్టాడు. తర్వాత గేటు బందులకు, తలుపులకు, బీరువాకు, మా ఆయన స్కూటర్ స్టాండుకు, చివరికి కత్తెరకు. మూడు వారాల్లో మా ఇంట్లో కిర్రుమనే వస్తువు ఒక్కటి లేకుండా పోయింది. మా ఆయన ఎప్పుడొచ్చాడో తెలియక వెనక నుంచి పలకరిస్తే నేను దడుచుకునేదాన్ని.

"మామా, మీరు మా ఇంటికి సైలెన్సర్ బిగించిండ్రు" అని మా ఆయన నవ్వేవాడు. బాపు కూడా నవ్వేవాడు. ఆ ఒక్క నిమిషం మా ఇంట్లో తేలిగ్గా కూర్చున్నట్టు కనబడేవాడు.

అందుకే ఆ ఆదివారం పొద్దున ఫిల్టరు మార్చడానికి బానెట్ ఎత్తినప్పుడు ఆయన్ను పిలిచాను. నేను ఒక క్లిప్పుతో కుస్తీ పడుతుంటే ఆయన వచ్చి బొటనవేలితో నాలుగూ టపటపా ఊడదీశాడు. పాత ఫిల్టరు బయటికి తీసి, దోసిట్లో పట్టుకొని చాలాసేపు చూశాడు. మడతలు మడతలుగా ఉన్న కాగితం, దాని చుట్టూ రబ్బరు అంచు. మడతల మధ్య వడ్ల పొట్టు, రెండు చచ్చిన పురుగులు, ఒక ఎండిన వేపాకు.

గోడకు తట్టి, రాలిన దుమ్మును వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గీ ఎర్రది మొరం దుమ్ము బిడ్డ. గీ పచ్చగున్నది వడ్ల దూగర. గీ నల్లది లారీ పొగ. గింత కండ్లకు కనవడకుంటనే లోపటికి పోతుండెనా?"

"లోపటికి పోకుంట ఆపేటందుకే గిది, బాపూ."

కొత్తది తీసి ఇచ్చాను. తెల్లగా, తేలిగ్గా ఉంది. ఆయన మడతల మీద వేలు రాసి చూసి, అనుమానంగా నా వైపు చూశాడు.

"ఎండు కాయితం. గిది ఆపుతదా దుమ్మును?"

"ఆపుతది. చేసినోళ్ళకు తెల్వదా?"

అంతలో హెడ్మాస్టరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మూత బిగించి ఉంది. బాపు తువ్వాలతో చేతులు తుడుచుకుంటున్నాడు. బానెట్ దించి, దాని మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకున్నాడు. నాకు చాలా సంతోషమైంది. ఈయనకు రోజుకో ఫిల్టరు మార్చే పని ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను.

బుధవారం జగిత్యాలలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోవాలి. తీసిన ఎక్స్‌రే చూపించి ఏమంటాడో వినాలి. ఆ ఒక్క పూట సెలవు కోసం నేను మూడు రోజులు బతిమాలాను. పొద్దున కారు స్టార్ట్ చేస్తేనే శబ్దం బరువుగా అనిపించింది. మేడిపల్లి దాటాక పూర్తిగా చచ్చుబడింది. ఎంత తొక్కినా వేగం లేదు. పసుపుపచ్చ లైటు వెలిగింది. రెండుసార్లు గుంజుకొని, టీ కొట్టు ముందు రోడ్డు పక్కన ఆగిపోయింది.

కొట్టుకు కొంచెం అవతల ఒక మెకానిక్ షెడ్డు ఉంది. ఆయన వచ్చి బానెట్ ఎత్తి, అటూ ఇటూ చూసి, ఫిల్టరు డబ్బా తెరిచాడు. మొన్న తెల్లగా చూసిన ఫిల్టరు గోధుమ రంగులో ముద్దగా ఉంది. వేలు పెడితే జిడ్డు.

"ఎవలక్కా దీనికి నూనె రాసింది? కాయితం మొత్తం నానింది. మీదికెళ్ళి దుమ్ము కూడ పట్టింది. ఇగ ఇంజను గాలి యాడికెళ్ళి గుంజుకోవాలె?"

నాకు అర్థమయ్యేలోపే బాపు ముందుకొచ్చాడు. ఆయన మొహంలో తప్పు చేసిన బెదురు లేదు. ఎవరికీ తెలియని ఉపాయం ఒకటి తనకు తెలుసన్నట్టు ఉంది.

"నేనే రాసిన. సాంచె మీద నూనె ఉన్న జాగలనే నూగు అతుక్కుంటది. అవుతలికి పోదు. ఎండు కాయితమైతే సన్నపు దుమ్ము ఆగదని, మడత మడతకు చుక్క చుక్క ఏసి రాసిన. ఒక్క మడత గూడ ఇడిసిపెట్టలే."

డాక్టరు టైము దాటిపోతోంది. టీ కొట్టు దగ్గర నలుగురు గ్లాసులు పట్టుకొని మావైపే చూస్తున్నారు. నాకు కోపం వస్తే ముందు నోరు లేస్తుంది, బుద్ధి తర్వాత నింపాదిగా వస్తుంది. నా గుణం నాకు తెలుసు. తెలిసి ఏం లాభం!

"నిన్నెవలు రాయమన్నరు? ఇది నీ సాంచె అనుకున్నవా? కనవడ్డదానికల్ల నూనె! రెండు పూటల తిని ఊకె ఓ దిక్కు కూసుండరాదు?"

చివరి మాట నోటిని దాటాక గానీ నాకు వినపడలేదు. మెకానిక్ తల దించుకొని గుడ్డ కోసం వెతికాడు. టీ కొట్టు వాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. బాపు భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఏం చేయాలో తోచనట్టు దాన్ని మడత పెట్టాడు.

"సరే బిడ్డ" అన్నాడు.

అంతే. కోప్పడి ఉంటే బాగుండేది. నేను ఇంకో నాలుగు మాటలని, ఆయన నాలుగు మాటలని, జగిత్యాల చేరేలోపు అంతా కొట్టుకుపోయేది.

మెకానిక్ ఆ ఫిల్టరు తీసేసి, పైపు లోపలంతా తుడిచి, జగిత్యాల దాకా మెల్లగా పోయి కొత్తది వేసుకోమన్నాడు. మెల్లగానే పోయాం. డాక్టరు వెళ్ళిపోలేదు. ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, బాపును అటు తిప్పి ఇటు తిప్పి వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు.

"ఇన్నేండ్ల నూగు లోపట కూసున్నది పెద్దాయినా. పోయింది రాదు. ఉన్నదన్న కాపాడుకోవాలె. ఇగ ఆ షెడ్డు మొఖం చూడొద్దు. మల్ల అండ్లకు పోయినవంటే మంచమే."

బాపు బడిపిల్లాడిలా తలూపాడు. బయటికొచ్చాక స్పేర్ పార్ట్స్ దుకాణం ముందే కొత్త ఫిల్టరు నేనే బిగించాను. ఒక క్లిప్పు పడలేదు, వేలు నలిగింది. ఆయన రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. ముట్టలేదు. నేనూ ముట్టమనలేదు.

ఆ సాయంత్రం ఆకలి లేదన్నాడు. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన సంచి లేదు. మా ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"మామను ఎంత ఆపిన ఇనలే. బస్టాండుల దించి అచ్చిన. ఏమైందని అడిగితే ఏంలేదన్నడు."

వంటింట్లో ఆయన కంచం కడిగి బోర్లించి ఉంది. నూనె డబ్బా జిడ్డు లేకుండా తుడిచి, మూత గట్టిగా తిప్పి, కుట్టుమిషన్ సొరుగులో ఎప్పుడూ ఉండే చోటే పెట్టి ఉంది. దాన్ని చూశాక నేను ఏడ్చాను.

ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తాడు. వెనక నుంచి సాంచాల చప్పుడు.

"ఆసామి పిలిచిండు. మనుషులు దొరుకుతలేరట. కొన్ని దినాలు నడుపుత."

"డాక్టరేమన్నడు బాపూ? మర్శిపోయినవా?"

"డాక్టర్లు గట్లనే అంటరు."

అప్పుడే అడగాల్సింది, నేనన్న మాటకు పోయావా అని. తప్పయింది అనాల్సింది. దానికి బదులు మందుగోలీలు వేసుకుంటున్నావా లేదా అని గద్దించి ఫోన్ పెట్టేశాను. తప్పు ఒప్పుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. బడిలో పిల్లల లెక్క ఎక్కడ తప్పిందో నిమిషంలో చెప్తాను. నా దగ్గరికి వచ్చేసరికి నోట్లో మాట నోట్లోనే ఉంటుంది.

ఆ తర్వాత పది రోజులు ఇల్లు నన్ను కాల్చుకుతిన్నది. గేటు తీస్తే చప్పుడు లేదు. తలుపు వేస్తే చప్పుడు లేదు. ఒక్కసారి కిర్రుమంటే బాగుండు అనిపించేది. రెండు పూటల తిని ఓ దిక్కు కూర్చోవడం చేతకాక కదా ఆ మనిషి ఇన్ని చప్పుళ్ళు ఆపింది! ఆయన దేనికి సిగ్గుపడుతున్నాడో ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. సరిగ్గా దాన్నే నలుగురిలో ఎత్తి చూపాను.

రెండో ఆదివారం పొద్దున్నే కారు తీశాను. చందుర్తి మీదుగా పోతుంటే దారి పొడవునా ఏమేం చెప్పాలో గట్టిగా పలుకుతూ సాధన చేశాను. వేములవాడ దాటాక అదీ మానేశాను. ప్రతి వాక్యమూ మళ్ళీ ఆయన్నే తిట్టినట్టు వస్తోంది.

సిరిసిల్లలో బాపు ఇంటికి తాళం ఉంది. ఆర్డరు ఒత్తిడి ఉండడంతో ఆదివారం కూడా షెడ్డు నడుస్తోంది. పొడుగాటి రేకుల షెడ్డు, అటు నాలుగు, ఇటు నాలుగు సాంచాలు. గడపలో నిలబడితే చప్పుడు కాళ్ళలోంచి పైకి వస్తుంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో నూగు తేలుతోంది. బాపు చివరి సాంచె దగ్గర తెగిన పోగు ముడేస్తున్నాడు. తల, కనుబొమలు మళ్ళీ తెల్లగా ఉన్నాయి. అయితే ఈసారి స్నానం చేసినా నల్లబడే వెంట్రుకలు కావు అవి.

ఆ చప్పుడులో ఎంత అరిచినా పక్క మనిషికి వినపడదు. అందుకే సాంచాల వాళ్ళు పెదాలు చూసి మాట చదువుతారు. చప్పుడు చేయకుండా, పెదాలు సాగదీసి మాట్లాడుకుంటారు. అక్షరాలు రాకముందే నాకు ఆ చదువు వచ్చింది. చిన్నప్పుడు మధ్యాహ్నం టిఫిన్ గిన్నె తీసుకొచ్చి ఇదే గడపలో నిలబడి, "బువ్వ తెచ్చిన బాపూ" అని పెదాలతోనే చెప్పేదాన్ని. అంత దూరం నుంచి ఆయన చదువుకొని చెయ్యెత్తేవాడు.

తలెత్తి నన్ను చూశాడు. ఆయన పెదాలు కదిలాయి.

"ఏమైంది?"

నేను నోరు తెరిచాను. గొంతు అవసరం లేకపోయేసరికి మాట దానంతట అదే వచ్చింది.

"నిన్ను తిని కూసొమ్మన్న. తప్పయింది బాపూ."

ఆయన తల పోగు మీదికి వంగింది. చదవలేదేమో అనుకున్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి అంటుంటే నా కళ్ళు మసకబారి, ఆయన చదివాడో లేదో నాకే కనబడలేదు. కళ్ళు తుడుచుకొని చూస్తే చెయ్యెత్తి ఉన్నాడు.

"బండి మంచిగున్నదా?" అని అడిగాడు.

"దుమ్ము పట్టింది. నాకు క్లిప్పులు పడుతలేవు."

నలిగిన వేలు పైకెత్తి చూపించాను. బాపు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. సాంచె పట్టుకొని నడుము దాకా వంగిపోయాడు. ఆ దగ్గు నాకు వినపడలేదు, భుజాలు ఎగిరిపడడం మాత్రమే కనబడింది. ఇన్నేళ్ళు ఈ చప్పుడులో ఆయన ఎన్నిసార్లు ఇలా దగ్గి ఉంటాడు, ఎవరు విన్నారు?

సర్దుకొని నిటారుగా నిలబడ్డాడు. నన్ను చూశాడు, సాంచాల వైపు చూశాడు. మెల్లగా చేయి చాచి దగ్గరున్న సాంచె మీట గుంజాడు. అది ఆగింది. పక్కదాన్ని ఆపాడు. తొందర లేకుండా ఒక్కొక్కటీ ఆపుకుంటూ, ఆపినదాన్నల్లా తాకి కళ్ళకద్దుకుంటూ గడప దాకా వచ్చాడు. ఎనిమిదోది ఆగాక షెడ్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అప్పుడు వినపడింది నాకు, ఆయన ఛాతీలో పిల్లి గురకలాంటి ఊపిరి.

చప్పుడు ఆగేసరికి ఆసామి లోపలి గదిలోంచి వచ్చాడు.

"ఇగ నాతోని కాదు ఆసామీ. ఇంకో మనిషిని చూసుకోండ్రి" అన్నాడు బాపు. ఆసామి ఆయన ఛాతీ వైపు చూసి తలూపాడు.

బయటికొచ్చి తువ్వాలతో తల దులుపుకున్నాడు. నేరుగా కారు దగ్గరికి పోయి, బానెట్ ఎత్తమని సైగ చేశాడు. నాలుగు క్లిప్పులు ఊడదీశాడు. ఫిల్టరు తీసి, నేల మీద మెల్లగా తట్టి, మడతల మీద వేలు రాశాడు.

"ఎండుగనే ఉండాలె గదా?"

"ఎండుగనే ఉండాలె."

"సరే" అని దాన్ని డబ్బాలో కూర్చోబెట్టి, రబ్బరు అంచు చుట్టూ వేలితో నొక్కి, నాకు పడని ఆ నాలుగో క్లిప్పు కూడా బిగించాడు. చేతులు తుడుచుకొని ముందు సీట్లో కూర్చున్నాడు. కోరుట్ల చేరేసరికి ఆలస్యమవుతుంది, ఇక్కడే హోటల్లో ఏమన్నా తిందామా అని అడిగాను. వద్దన్నాడు.

"ఆకలైతంది బిడ్డ. ఇంటికి పోయి తిందాం, పా."